రాజు చచ్చాక మిగిలిన రాజ్యం

చెల్లెమ్మలూ, ఇంట్లో పదిహేను, పదహారేళ్ల ఆడపిల్ల ఉంటే ఈ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అన్నానికి పిలిస్తే "ఈ చాప్టర్ అయిపోనీ అమ్మా" అంటుంది. చేతిలో ఐదొందల పేజీల ఇంగ్లీషు నవల. అట్ట మీద కత్తి పట్టుకున్న అమ్మాయి, ఆమె వెనక కోట, కోట మీద పొగ. పరీక్షలు దగ్గర పడుతున్నాయని మనకు గుబులు. "ఏముందే అందులో, అన్నం కూడా మానేసి?" అంటే "నీకు చెప్పినా అర్థం కాదులే" అని గది తలుపు వేసుకుంటుంది.

మా చెల్లెలి కూతురి పుణ్యమా అని ఆ నవలల్లో ఏముందో నేను చూశాను. అది చదివేసి పక్కన పెట్టినవి ఒక్కొక్కటే తెచ్చుకుని చదివాను. ఇప్పుడు అది ఇంకా చదవనివి కూడా నేనే ముందు కొంటున్నాను. మన శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో తల్లులు తరచూ అడుగుతుంటారు కదా, "అక్కా, మా పిల్ల ఎప్పుడూ మాయలూ మంత్రాల పుస్తకాలే చదువుతోంది, మాన్పించాలా?" అని. మాన్పించకండి. మీరు కూడా ఒకటి చదవండి. ఏది చదవాలో, ఎందుకు చదవాలో ఈ నెల చెప్పుకుందాం.

వీటిని యంగ్ అడల్ట్ ఫాంటసీ అంటారు. మనకు ఈ రుచి కొత్తదేం కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు చదువుతూ పెరిగినవాళ్లం. ‘రాకాసి లోయ’లో కేశవుడూ జయమల్లుడూ అడవులు పట్టి పోతుంటే, చిత్రా గారి బొమ్మలు చూస్తూ వచ్చే నెల ఎప్పుడొస్తుందా అని కూర్చునేవాళ్లం. కానీ అందులో గుర్రమెక్కేది, గుహల్లోకి దూరేది మగపిల్లలే. బాలనాగమ్మ కథ చూడండి. మాయల ఫకీరు ఎత్తుకుపోయాడు. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వచ్చేదాకా ఆవిడ అక్కడే ఉండిపోయింది. నోము నెపంతో అన్నేళ్లు వాణ్ణి దగ్గరికి రానివ్వని ఆ తల్లి తెలివికి నేను ఇప్పటికీ దండం పెడతాను. అయినా కథలో గెలుపు కొడుకుదే.

ఇంగ్లీషు వాళ్ల కథల్లోనూ చాలాకాలం ఇదే తంతు. 1980ల మొదట్లో అమెరికాలో ఇద్దరు ముగ్గురు రచయిత్రులు దాన్ని మార్చారు. టమోరా పియర్స్ అనే ఆవిడ 1983లో ‘అలానా’ అనే నవల వేసింది. టోర్టాల్ రాజ్యంలో కవల పిల్లలు. అన్నదమ్ములు కాదు, అన్నాచెల్లెళ్లు. అబ్బాయికి మంత్రవిద్య మీద మోజు, అమ్మాయికి కత్తిసాము మీద. ఇద్దరూ మాట్లాడుకుని చోట్లు మార్చుకుంటారు. అలానా జుట్టు కత్తిరించుకుని, అలాన్ అని పేరు చెప్పి, రాజుగారి కోటలో మగపిల్లల మధ్య యుద్ధవిద్య నేర్చుకుంటుంది. ఈ కథను పియర్స్ మొదట పెద్దల కోసం ఒకే పెద్ద నవలగా రాసుకుంది. ఆ రోజుల్లో ఆవిడ ఆడపిల్లల వసతిగృహంలో పనిచేసేది. అక్కడి పిల్లలకు ఈ కథను వాళ్ల వయసుకు తగినట్టు మార్చి నోటితో చెప్పేది. చివరికి అది నాలుగు చిన్న నవలలై వచ్చింది. అంటే ఈ రకం పుస్తకాల్లో మొదటి వరసలో నిలిచిన కథను, ఇల్లు దూరమైన ఆడపిల్లలు ముందుగా చెవులతో విన్నారన్నమాట. నాకు ఆ సంగతి తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి.

అలానాను చదువుతుంటే మన రుద్రమదేవి గుర్తు రాకపోతే ఎలా? గణపతిదేవుడు కూతుర్ని కొడుకులా పెంచాడు. శాసనాల్లో ఆవిడ రుద్రదేవ మహారాజు. తేడా ఏమిటంటే, అలానా తండ్రికి తెలియకుండా మగవేషం వేసింది, రుద్రమకు తండ్రే ఆ పేరు కట్టబెట్టాడు. రుద్రమ సంగతి తర్వాత మళ్లీ ఎత్తుకుంటాను, ఒక రాయి గురించి చెప్పాలి.

అసలు విషయానికి వస్తాను. ఈ నవలలు వందల కొద్దీ వస్తున్నాయి. అన్నీ బాగుండవు. చాలావాటిలో రాజ్యం పేరుకే ఉంటుంది. ఇద్దరు అందగాళ్ల మధ్య అమ్మాయి ఊగిసలాట, ఒక నాట్యసభ, ఒక వెన్నుపోటు, చివర్లో దుష్టరాజు చావు, అంతే. వాటిని పిల్లలు ఒక మధ్యాహ్నం చదివి మర్చిపోతారు, పోనివ్వండి. మంచివాటిని పట్టుకోవడానికి నేనొక గుర్తు పెట్టుకున్నాను. దుష్టుడు చచ్చాక ఏమైందో ఆ రచయిత్రి పట్టించుకుందా లేదా అని చూస్తాను. ఎందుకంటే రాజ్యానికి పట్టిన పీడ ఒక్క కత్తివేటుతో వదలదు. ఆ సంగతి మనకు, సంసారాలు ఈదిన ఆడవాళ్లకు, బాగా తెలుసు.

రాబిన్ మెకిన్లీ రాసిన ‘ద హీరో అండ్ ద క్రౌన్’లో ఇది నాకు మొదటిసారి కనబడింది. 1984లో వచ్చింది, మరుసటి ఏడు న్యూబెరీ పతకం అందుకుంది. డమార్ రాజ్యంలో ఏరిన్ రాజుగారి ఏకైక కూతురు. తల్లి పరాయి దేశపు మంత్రగత్తె అనీ, రాజును వశం చేసుకుందనీ, కొడుకు పుట్టలేదని దిగులుతో చచ్చిపోయిందనీ కోటంతా గుసగుస. ఆ పిల్లకు ఎవరూ ఏ పనీ అప్పగించరు. పాత పుస్తకంలో మంటకు కాలకుండా కాపాడే లేపనం గురించి దొరికితే, పాళ్లు రాసి ఉండవు కాబట్టి, తనే ఒక్కో దినుసు కాస్త ఎక్కువ, కాస్త తక్కువ వేసి, కర్రముక్కకు పూసి కాల్చి చూస్తూ ఏళ్లు గడుపుతుంది. కుంటిదైపోయిందని పచ్చికలో వదిలేసిన తండ్రి యుద్ధాశ్వాన్ని మచ్చిక చేసుకుని ఎక్కుతుంది. ఆ గుర్రం మీదే పోయి మౌర్ అనే మహా డ్రాగన్‌ను చంపుతుంది. ఒళ్లంతా కాలిపోయి ఇంటికొస్తుంది.

ఇక్కడ వేరే రచయిత అయితే విజయోత్సవం చేసి ముగించేవాడు. మెకిన్లీ ఏం చేసిందంటే, మగవాళ్లు ఆ డ్రాగన్ తలను గొప్పగా మోసుకొచ్చి కోటలో పెట్టారని రాసింది. అది చచ్చిందే, కానీ ఆ తల ఉన్న చోట మనుషులకు బతుకు మీద ఆశ పోతుంది. ఎవరికీ నవ్వు రాదు. దేశమంతా నీరసం, నిరాశ. కారణం ఎదురుగా గోడకు ఉంది, విజయచిహ్నమని దాన్నే అందరూ చూసుకుంటున్నారు. చివరికి దాన్ని ఊరవతలికి నెట్టించేది కూడా ఏరినే. ఆ పేజీలు చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇదే మాటను ఇంకా లోతుకు తీసుకెళ్లిన రచయిత్రి క్రిస్టిన్ కషోర్. ఆవిడవి మూడు పుస్తకాలు: 2008లో ‘గ్రేస్‌లింగ్’, 2009లో ‘ఫైర్’, 2012లో ‘బిటర్‌బ్లూ’. ఆ తర్వాత కూడా ఆ లోకంలోనే రాసింది. మన ముచ్చటకు ఈ మూడూ చాలు. కాస్త కథ చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. ఇవి కథ తెలిసినా చదివించే పుస్తకాలు.

ఏడు రాజ్యాలున్నాయి. అక్కడక్కడా కొందరు పిల్లలు ఏదో ఒక వరంతో పుడతారు. ఒకడు చేపలా ఈదుతాడు, ఇంకొకామె వండితే అమృతం. చిన్నప్పుడే వాళ్ల రెండు కళ్లు రెండు రంగులకు మారతాయి, అలా పట్టేస్తారు. వరం పనికొచ్చేదైతే రాజు ఉంచుకుంటాడు, లేకపోతే ఇంటికి పంపేస్తాడు. కట్సాకు ఒక కన్ను నీలం, ఒక కన్ను ఆకుపచ్చ. ఎనిమిదేళ్లప్పుడు కోటకు వచ్చిన చుట్టం ఒకడు చూడకూడని చూపు చూసి, వెయ్యకూడని చోట చెయ్యి వేశాడు. పిల్ల భయపడి కొట్టింది. ఒక్క దెబ్బకు వాడు చచ్చాడు. "ఓహో, ఈ పిల్ల వరం చంపడం" అని తేల్చేశారు. మేనమామ ర్యాండా రాజు ఆమెను పెంచి, తనకు ఎదురు చెప్పినవాళ్ల వేళ్లు విరిచే పని, మెడలు విరిచే పని అప్పగించాడు.

ఆలోచించండి. తప్పు చేసింది ఆ చుట్టం. పేరు పడింది పిల్లకు. అదీ జన్మంతా మోయాల్సిన పేరు. ఇది ఏడు రాజ్యాల అవతల జరిగిన కథలా అనిపిస్తోందా?

‘గ్రేస్‌లింగ్’లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం యుద్ధం కాదు. ఎల్లిస్ అనే ఒక జమీందారుకు ఇద్దరు కూతుళ్లు. ర్యాండా కుదిర్చిన సంబంధానికి ఆయన కూతుర్నివ్వనన్నాడు. పోయి వాణ్ణి హింసించి ఒప్పించమని కట్సాను పంపాడు రాజు. కట్సా వెళ్లింది, ఎదురుగా నిలబడింది, చెయ్యి ఎత్తలేదు. వెనక్కి వచ్చేసింది. రాజసభలో కత్తులు, విల్లంబులు తన వైపు ఎక్కుపెట్టి ఉండగా ఆమెకు ఒక్కసారిగా తెలుస్తుంది: ఈ గదిలో ఎవరికీ తనను ఆపే సత్తా లేదు, ఇన్నాళ్లూ తనమీద ర్యాండాకున్న అధికారం తను ఇచ్చిందే. ఎవరినీ చంపకుండా, తలెత్తుకుని బయటికి నడుస్తుంది. పదహారేళ్ల పిల్ల ఈ పేజీ చదువుతుంటే అన్నం చల్లారినా ఫరవాలేదు చెల్లెమ్మలూ.

తర్వాత ఎప్పుడో, మంచుకొండల్లో ఎవరూ దాటలేని కనుమ మీదుగా ఒక చిన్నపిల్లను వీపున మోసుకుంటూ పోతున్నప్పుడు, తనకు చలి అంటడం లేదనీ, ఆకలి కుంగదీయడం లేదనీ కట్సా గమనిస్తుంది. తన వరం చంపడం కాదు, బతకడం, బతికించడం. ఎనిమిదేళ్లప్పుడు పెద్దవాళ్లు తొందరపడి వేసిన ముద్రను తనే తుడిచేసుకుంది. ఒక మాట ముందే చెబుతాను, కట్సా పెళ్లి చేసుకోదు. ప్రేమించినవాడు యువరాజు, మంచివాడు, అయినా పెళ్లీ పిల్లలూ వద్దంటుంది. మీ పిల్ల అది చదివి ఏదైనా అడిగితే కంగారుపడి పుస్తకం లాక్కోకండి. ఎందుకు వద్దనుకుందో కట్సా చాలా నిజాయితీగా చెబుతుంది. ఆ కారణాలతో మీరు వాదించవచ్చు, నేనూ కొన్నిటితో వాదించాను.

ఆమె వీపున ఉన్న చిన్నపిల్ల పేరు బిటర్‌బ్లూ. వయసు పదేళ్లు. ఆ పిల్ల తండ్రి లెక్ మోన్సీ దేశానికి రాజు. ఇంతవరకు నేను చదివిన కథల్లో అంత భయపెట్టిన రాజు లేడు. వాడి చేతిలో కత్తి ఉండదు. వాడి వరం మాట. ఏం చెబితే అది ఎదుటివాళ్లు నమ్మేస్తారు. గాయం చేసి, "నీకేం నొప్పి లేదు" అంటే లేదనుకుంటారు. ఊళ్లకు ఊళ్లు వాణ్ణి చల్లని ప్రభువని పొగుడుతుంటాయి. ఆ పొగడ్త కూడా వాడు చెప్పిందే. కట్సా వాణ్ణి చంపగలిగింది ఎలాగంటే, నోరు విప్పి ఏదో చెప్పబోతున్న క్షణంలో, ఆ నోట్లోకే బాకు విసిరింది.

సరిగ్గా ఇక్కడ ‘బిటర్‌బ్లూ’ మొదలవుతుంది. ఎనిమిదేళ్లు గడిచాయి. బిటర్‌బ్లూకు పద్ధెనిమిది. మోన్సీకి రాణి. తండ్రి కాలం నుంచి ఉన్న మంత్రులు బల్ల నిండా కాగితాలు పేర్చి సంతకాలు పెట్టిస్తుంటారు. పంటలు, హద్దులు, పన్నులు. ఏదైనా అడిగితే "మహారాణీ, గతం గతః. అందరికీ క్షమాభిక్ష ఇచ్చేశాం. ఇక ముందుకే చూద్దాం" అంటారు. మర్యాదగానే అంటారు, ప్రేమగానే అంటారు. కాగితాల్లో అంతా బాగుంటుంది. కిటికీలోంచి చూస్తే మాత్రం ఎక్కడికీ వెళ్లని వంతెనలు కనిపిస్తాయి, లెక్ కట్టించినవి, చూడ్డానికి ఎంతో అందమైనవి.

ఒక రాత్రి ఆ పిల్ల ముసుగు వేసుకుని, కోట దాటి ఒక్కతే ఊళ్లోకి పోతుంది. అక్కడ కథలు చెప్పే సత్రాల్లాంటివి ఉంటాయి. జనం తాగుతూ కూర్చుంటారు, ఒకరు బల్లెక్కి కథ చెబుతారు. అవన్నీ లెక్ కాలం నాటి కథలు. కోటలో ఎవరూ ఎత్తని మాటలు అక్కడ నోట నోట ఉన్నాయి. వింటున్నది రాణి అని ఎవరికీ తెలియదు. అచ్చాఫీసు నడిపే ఇద్దరు కుర్రాళ్లతో ఆమెకు స్నేహం అవుతుంది. వాళ్లు రహస్యంగా పెద్దవాళ్లకు చదువు చెబుతుంటారు, లెక్ కాలంలో పోయినవి, దోచుకున్నవి ఎవరివో వాళ్లకు చేర్చే పని చేస్తుంటారు. అలా నిజం వెతికేవాళ్లు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. చంపిస్తున్నది ఎవరు? లెక్ పోయి ఎనిమిదేళ్లయింది కదా?

ఆ జవాబు నేను పూర్తిగా చెప్పను. కానీ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ మంత్రులు రాక్షసులు కారు. లెక్ వాళ్ల చేత చేయరాని పనులు చేయించాడు. మత్తు దిగాక ఆ పనులు వాళ్లకు గుర్తున్నాయి. సిగ్గుతో, భయంతో, నిద్ర పట్టని రాత్రుళ్లతో బతుకుతున్నారు. అందుకే ఎవరూ ఏదీ అడగకూడదనుకున్నారు. బిటర్‌బ్లూకు వాళ్లను చూస్తే కోపమూ వస్తుంది, జాలీ వస్తుంది. పుస్తకం మనల్ని కూడా ఆ రెండిటి మధ్యే నిలబెట్టి వదలదు.

మా చెల్లెలి కూతురు ఇది చదివి నన్నడిగింది: "పెద్దమ్మా, వాళ్లు రాణి బాధపడకూడదనే దాచారు కదా, మరి తప్పెలా అవుతుంది?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన ఇళ్లు గుర్తొచ్చాయి. పెద్దాయన పోతాడు, ఫొటోకి దండ వేస్తాం. ఆయన చేతిలో పడ్డ కష్టం గురించి ఇంటి కోడలు నోరు విప్పబోతే "పోయినవాళ్ల సంగతి ఇప్పుడెందుకమ్మా" అంటారు. ఆవిడ మింగేస్తుంది. తర్వాత తన కోడలికీ అదే చెబుతుంది.

ఆ పిల్ల ఊరుకోలేదు. ఆ సాయంత్రం మా అమ్మ దగ్గర చేరి, "అమ్మమ్మా, నువ్వు చదువెందుకు ఆపేశావ్?" అంది. మా చిన్నప్పటి నుంచీ అమ్మ ఒకటే మాట చెప్పేది, "నాకు చదువెక్కలేదు" అని. ఆ రోజు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండా చెప్పింది. పరీక్ష హాల్ టికెట్ వచ్చిందట. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, దాన్ని ట్రంకుపెట్టెలో పట్టుబట్టల కింద పెట్టి తాళం వేశాడట, పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని. పెళ్లయి మూడో రోజు చీర తీస్తుంటే కనబడిందట. "మరి మాకెప్పుడూ చెప్పలేదేమే?" అంటే, "మీ తాతయ్య అంటే మీకు ప్రాణం కదా" అంది. తాతయ్య అంటే నాకిప్పటికీ ప్రాణమే. కానీ అమ్మకు చదువెక్కలేదన్న మాట మా ఇంట్లో ఇక ఎవరూ అనరు.

మళ్లీ పుస్తకానికి. అందులో ఇద్దరు మనుషుల్ని మీకు పరిచయం చేయాలి. ఒకాయన కోట గ్రంథాలయం చూసే ముసలాయన. చదివింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుండిపోవడం ఆయన వరం. లెక్ తగలబెట్టించిన పుస్తకాలను జ్ఞాపకం నుంచి మళ్లీ రాస్తూ కూర్చుంటాడు, ఒక్కడే, పిల్లిని పక్కన పెట్టుకుని. చిటపటలాడే మనిషి. నాకు ఎంతో ఇష్టమైపోయాడు.

రెండో మనిషి కథ మొదలయ్యేసరికే లేదు. బిటర్‌బ్లూ తల్లి, ఆషెన్. భర్త మాటల మత్తు కమ్ముకొస్తుంటే కూతురి చేత లెక్కలు చేయించేది, బుర్ర తేటగా ఉండాలని. కూడికలు, హెచ్చవేతలు. వాడెన్ని చెప్పినా అంకెలు మారవు కదా. ఇంకా ఏం చేసేదంటే, తెల్లవారితే తను మర్చిపోతానని భయపడి, జరిగిందంతా పక్కదుప్పట్ల అంచుల్లో కుట్టేది. చూసేవాళ్లకు అది ఎంబ్రాయిడరీ. ఒక్కో కుట్టు గుర్తు ఒక్కో అక్షరం. రాజు పడుకునే అంతఃపురంలోనే రాజు నేరాల చిట్టా. కుట్టుపనిలో రహస్యముంటుందని ఎవరికి అనుమానం వస్తుంది? కూతురు పెద్దదై, రాణియై, ఒక రోజు ఆ అంచుల మీద వేళ్లు పోనిస్తూ, ఇవి పూలు కావని గ్రహిస్తుంది. తల్లి చనిపోయిన ఎనిమిదేళ్లకు తల్లి మాట వింటుంది.

అంతా మెచ్చుకోలే కాదు, లోటు కూడా చెప్పాలి. ఈ నవల మధ్యలో నెమ్మదిస్తుంది. సంకేత లిపి విప్పే పేజీలు కొన్ని నాకు బరువనిపించాయి. కషోర్ దీన్ని నోటుపుస్తకాల్లో చేత్తో రాసింది. మొదటి ప్రతికి ఏళ్లు పట్టింది. ఎడిటర్ చదివి, మళ్లీ మొదట్నుంచి రాస్తే మంచిదంటే, అలాగే మొత్తం మళ్లీ రాసింది. ఆ కష్టం కొన్నిచోట్ల తెలుస్తుంది. ఇంకో సంగతి. ‘గ్రేస్‌లింగ్’లో కట్సా ప్రేమించిన పో చివర్లో చూపు కోల్పోతాడు, కానీ తన వరంతో చుట్టూ ఉన్నవన్నీ తెలుసుకోగలుగుతాడు. అంధత్వాన్ని అలా మాయతో సరిపెట్టడం పొరపాటని పాఠకులు ఎత్తిచూపితే, కషోర్ ‘బిటర్‌బ్లూ’ వెనక పేజీల్లో ఆ మాట ఒప్పుకుని రాసింది. దాచిపెట్టడం గురించి నవల రాసిన మనిషి తన తప్పును దాచుకోకపోవడం నాకు గౌరవం కలిగించింది.

మూడిట్లో మధ్యది ‘ఫైర్’. వేరే దేశం కథ, వేరే అమ్మాయి. ఫైర్ అనే ఆ పిల్లకు ఎదుటివాళ్ల మనసులోకి దూరి, వాళ్లను తిప్పేసే శక్తి ఉంది. లెక్‌కున్నలాంటి శక్తే అనుకోండి. ఆమె తండ్రి ఆ శక్తితోనే ఒక రాజును పాడుచేసి, రాజ్యాన్ని గుల్ల చేశాడు. ఈ పిల్ల మాత్రం ఎక్కడ వాడాలి, ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి అని ప్రతి పూటా తనతో తను పోట్లాడుతుంది. అందులో ఒక సంగతి మనం మనం కాబట్టి చెబుతాను. ఫైర్ నెత్తురు వాసనకు క్రూరపక్షులు మీదికొస్తాయి. అందుకని నెలసరి రోజుల్లో బయటికి వెళ్లాలంటే కాపలా కావాలి, ఆ సంగతి సైనికులకు తెలియక తప్పదు. ఆ ఇబ్బంది, ఆ విసుగు, అయినా పని ఆపకపోవడం, అన్నీ రాసింది కషోర్. రాకుమార్తెల కథల్లో నెలసరి గురించి ఇంత మామూలుగా నేనెక్కడా చదవలేదు.

ఈ మధ్య ఈ కథలు తెల్లవాళ్ల కోటలు దాటి వస్తున్నాయి. నైజీరియా మూలాలున్న టోమీ అడెయెమీ 2018లో ‘చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్’ రాసింది. ఒరీషా అనే రాజ్యంలో మంత్రశక్తి ఉన్నవాళ్లందర్నీ రాజు ఒక రాత్రి చంపించేస్తాడు. తల్లిని పోగొట్టుకున్న జెలీ ఒకవైపు, చంపించిన రాజు కూతురు అమారీ ఇంకోవైపు. తండ్రి చేసినదానికి కూతురు ఏం చేయాలి అన్న ప్రశ్న అక్కడా ఉంది. రోషనీ చోక్షీ రాసిన ‘ద స్టార్-టచ్డ్ క్వీన్’లో అయితే భరత అనే దేశపు రాజకుమారి మాయ. జాతకంలో మృత్యువుతో పెళ్లని రాసి ఉందని అంతఃపురమంతా ఆ పిల్లను దూరం పెడుతుంది. జాతకాల గోల మనకు తెలిసిందే కాబట్టి మొదటి అధ్యాయాలు చకచకా సాగుతాయి. తర్వాత వర్ణనలు ఎక్కువై కథ పలచబడిందని నాకనిపించింది.

ఇప్పుడు ఆ రాయి సంగతి. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ దొరికిన 1289 నాటి శాసనమే రుద్రమదేవి మరణం గురించి మనకు తెలియజేసింది. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడితో పోరులో ఆవిడ నేలకొరిగిందని చరిత్రకారులు చెబుతారు. ఆ రాయి వేయించింది రాజవంశీకులు కాదు. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. రాణితో పాటు పోయిన తన సేనాని మల్లికార్జున నాయకుడికీ, రాణికీ పుణ్యం కలగాలని భూమి దానం చేసి చెక్కించుకున్నాడు. అంతటి మహారాణి చివరి వార్త ఒక మామూలు మనిషి భక్తి వల్ల నిలిచింది. ‘బిటర్‌బ్లూ’ చివర్లో రాణి కథలకూ సత్యానికీ ఒక మంత్రిత్వ శాఖ పెడుతుంది, ఎవరి నోట ఏ కథ ఉన్నా చెప్పించి రాయించడానికి. అది చదివినప్పుడు నాకు చందుపట్ల రాయే మెదిలింది.

రుద్రమకు కొడుకుల్లేరు. పెద్దకూతురు ముమ్మడమ్మ. ఆమె కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని తన తర్వాత సింహాసనం ఎక్కించింది. ముమ్మడమ్మ రాణికి కూతురు, రాజుకు తల్లి. మధ్యలో తను సింహాసనం ఎక్కలేదు. తల్లి యుద్ధంలో పోయినప్పుడు, కొడుకు గద్దెనెక్కుతున్నప్పుడు, రాజ్యం చుట్టూ సామంతులు కత్తులు నూరుతున్నప్పుడు ఆవిడ ఏమనుకుందో? అడవి బాపిరాజు గారు ‘గోన గన్నారెడ్డి’లో, నోరి నరసింహశాస్త్రి గారు ‘రుద్రమదేవి’లో ఆ కాలాన్ని మన కళ్లముందు పెట్టారు. ముమ్మడమ్మను పద్ధెనిమిదేళ్ల అమ్మాయిగా ఊహించి, తెలుగులో, మన పిల్లల కోసం ఎవరైనా రాస్తే నేను మొదటి ప్రతి కొనుక్కుంటాను. మన పాఠకుల్లోనే రాయగల చెల్లెళ్లున్నారని నాకు తెలుసు. ఓరుగల్లు కోటలో ఒక్క రోజు తిరిగి రండి, కలం దానంతటదే కదులుతుంది.

చివరగా, ఏది ఎవరికివ్వాలో చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ ఉత్తరాలు రాస్తారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లకు ఏరిన్ కథ హాయిగా ఇవ్వొచ్చు. ‘గ్రేస్‌లింగ్’ పద్నాలుగు దాటాక. ‘ఫైర్’, ‘బిటర్‌బ్లూ’ పదహారు దాటినవాళ్లకే, వాటిలో స్త్రీపురుష సంబంధాల ప్రస్తావన ఉంది, హింసకు గురైన ఆడవాళ్ల కథలున్నాయి. ‘బిటర్‌బ్లూ’ను మాత్రం పిల్లకిచ్చి వదిలేయకండి, ముందు మీరు చదవండి. ఇంగ్లీషు గడగడా రాకపోయినా ఫరవాలేదు, రోజుకు నాలుగు పేజీలు పిల్ల చేత చదివించుకోండి. మొదటి అధ్యాయానికి ముందు, రాణి చిన్నప్పటి సంగతి చెప్పే పేజీల్లో, తల్లి లెక్కలడిగే చోట ఆగి, "ఆవిడ ఇప్పుడు లెక్కలెందుకు అడుగుతోందే?" అని మీరే అడగండి. ఆ పూట కూర మాడినా నా పేరు చెప్పుకోండి.